విశ్రాంతి రోజు వెనక గేటు

కిందటి వారం ఈ కథ ఆపినప్పుడు అక్కను వంటింటి బల్ల ముందు, చేతిలో ఒక చేప తోకతో నిలబెట్టి వదిలేశాను. ఇంకా అలాగే నిలబడి ఉంది.

ఆ తోక తెచ్చింది నేనే. చేపల మార్కెట్‌లో పెట్టెలు మోసే మూడు చక్రాల బండి నాది. ఖాళీ వేళల్లో పెద్ద హోటలు చెత్త కూడా ఎత్తుతాను. ఆ చెత్త డబ్బాలోనే దొరికింది. అక్కతో పాటు చేపలమ్మే మా ఆడవాళ్ళందరూ సరుకు ఒకే ఐసు గదిలో దాచుకుంటారు కాబట్టి, కలిసిపోకుండా ఎవరి చేపకు వాళ్ళు ఒక గుర్తు పెట్టుకుంటారు. కొందరు వీపు మీది రెక్క కత్తిరిస్తారు, కొందరు పొట్ట కిందిది. అక్క తోక కింది కొసను ఏటవాలుగా కోస్తుంది. మా అమ్మా అలాగే కోసేది. హోటలు చెత్తలో దొరికిన తోక మీద ఆ కోతే ఉంది.

ఇందులో వింతేముంది, హోటలువాళ్ళు చేపలు కొనరా అంటారేమో. కొంటారు. కానీ నాకు అది దొరికింది విశ్రాంతి రోజు సాయంత్రం. ఆ రోజు మార్కెట్‌లో ఎవరూ గంప దించకూడదు, చట్టం. ముందురోజు పడవల్లో దిగిన చేపంతా ఐసు ఫ్యాక్టరీ గదిలోకి పోవాలి, విశ్రాంతి రోజంతా అక్కడే ఉండాలి, ఆ మర్నాడు పొద్దున బయటికి రావాలి. దాచినందుకు అద్దె, కప్పిన ఐసుకు వేరే డబ్బులు. దేవుడి కోసం కదా అని మావాళ్ళు నోరెత్తకుండా కడుతున్నారు.

బయటికొచ్చినప్పుడు తూకం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. చేపే వేరుగా ఉంటుంది. కళ్ళు లోపలికి పోయి, మొప్పలు నల్లబడి, తోక మీద ఏ కోతా లేకుండా. అక్క ఇన్ని నెలలూ అది చూస్తూనే ఉంది. చూసి ఏమనుకుందో తెలుసా? తొందరలో తనే కోయడం మరిచిపోతున్నానని. అందుకు దేవుడికి క్షమాపణ కూడా చెప్పుకుంది. భక్తులతో వ్యాపారం చేసేవాడికి ఇంతకంటే సుఖం ఉండదు. వాడి దొంగతనాన్ని కూడా వాళ్ళు తమ పాపాల్లో కలిపేసుకుంటారు.

తోకను చాలాసేపు తిప్పి చూశాక అక్క దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టింది. అన్నగారికి చెప్పాలి, ఆయనకు తెలిస్తే ఆ ఫ్యాక్టరీవాళ్ళ తాట తీస్తారు అంది.

అన్నగారంటే మేము ఓట్లేసి గెలిపించిన పెద్దమనిషి. మేము అని ఊరికే అన్నాను, నేను వేయలేదు. నేను ఆయనకు పెట్టుకున్న పేరు మోకాళ్ళాయన. ఎన్నికల ముందు ఒకరోజు మార్కెట్‌కొచ్చి, పొలుసులూ చేపనీళ్ళూ పారుతున్న నేల మీద, తెల్ల ప్యాంటుతో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఈ తల్లులకు వారంలో ఒక్క రోజైనా నీకిచ్చే భాగ్యం కలిగించు ప్రభూ అని ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే మావాళ్ళు గంపలు వదిలేసి ఏడ్చారు. ఆ సందులో ఒక పిల్లి ఎవరి గంపలోంచో పెద్ద చేపనే లాక్కుపోయింది. ఆ రోజు మార్కెట్‌లో బుర్ర పనిచేసింది దానికొక్కదానికే.

ఆయన మీద నిలబడింది రిటైరైన లెక్కల మాస్టారు. మార్కెట్‌కు సొంత ఐసు గది కట్టుకుందాం, అమ్మేవాళ్ళే యజమానులు, ఐసు అసలు ధరకే వస్తుంది అని బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పాడు పాపం. అంతా విన్నారు. చివర్లో ఎవరో ఒక ప్రార్థన చెప్పమన్నారు. మాస్టారు రెండో వాక్యం దగ్గర తడబడ్డాడు. అక్కడితో అయిపోయింది ఆయన పని. ఐసు ఎవడైనా ఇస్తాడు, విశ్రాంతి ఎవడిస్తాడురా అని అక్కే నాతో అంది. మందిరంలో ఆడవాళ్ళ సంఘానికి ఆమే పెద్ద. వాళ్ళను వెంటేసుకుని గుమ్మం గుమ్మం ఎక్కి మోకాళ్ళాయనకు ఓట్లు అడిగింది. గెలిచిన వెంటనే ఆయన చట్టం తెచ్చాడు. అంత తొందరగా మాట నిలబెట్టుకున్న నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు. అనుమానం రావలసింది అప్పుడే.

అక్కను బండిలో ఎక్కించుకుని ఆయన ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఆయన దర్శనం దొరికేసరికి వారం తిరిగొచ్చింది, మర్నాడే మళ్ళీ విశ్రాంతి రోజు. గదిలో ఏసీ చల్లగా కొడుతోంది. గోడ నిండా ఫోటోలు, అన్నింట్లోనూ ఆయన మోకాళ్ళ మీదే ఉన్నాడు. ఒకదాంట్లో వరదనీళ్ళలో, ఒకదాంట్లో ఆసుపత్రి మంచం పక్కన, ఒకదాంట్లో మా మార్కెట్‌లో. మా మార్కెట్ ఫోటోలో ఓ మూల అక్క గంప సగం పడింది, అక్క పడలేదు. అక్క ఆ ఫోటో వైపు చూసి కొంగు సర్దుకుంది.

గాజు బల్ల మీద సంచి విప్పి తోక పెట్టింది. పక్కనున్న పీఏ చేతి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అక్క చెప్పాల్సిందంతా వరసగా చెప్పింది. గుర్తు సంగతి, మారిన చేపల సంగతి, హోటలు సంగతి. చివరికి, మీరు ఆ ఫ్యాక్టరీ యజమానిని పిలిపించి అడగండి అన్నగారూ, పేదవాళ్ళ నోటి దగ్గరిది లాక్కోవడం తప్పని మీరు చెబితే వింటాడు అంది.

మోకాళ్ళాయన తోకను చూశాడు. అక్కను చూశాడు. పీఏను బయటికి పొమ్మన్నాడు. బొంకుతాడనుకుని నేను నాలిక్కు పదును పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, అక్క ముందు తివాచీ మీద మోకరించాడు.

"చెల్లెమ్మా, ఆ యజమానిని నేనే," అన్నాడు.

అక్క కుర్చీలో వెనక్కి జరిగింది. పెద్దాయన కాళ్ళ దగ్గర కూర్చుంటే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

ఆ తరవాత ఆయన చెప్పుకుంటూ పోయాడు. కాగితాల మీద బావమరిది పేరున్నా డబ్బు పెట్టిందీ నడిపేదీ తనే. విశ్రాంతి రోజున హోటళ్ళకు వెనక గేటు నుంచి చేప వెళ్ళే మాట నిజమే. ఆ రోజు ఊరంతటికీ చేప దొరికే చోటు అదొక్కటే కాబట్టి హోటళ్ళవాళ్ళు ఎంత చెబితే అంత ఇస్తారు. వాళ్ళేమీ మన మందిరం మనుషులు కారు, వాళ్ళు తింటే మన విశ్రాంతికి భంగం లేదు. ఖాళీ అయిన పెట్టెల్లో పాత సరుకు నింపి తూకం మాత్రం తగ్గకుండా చూస్తున్నాడు. తూకంలో ఏనాడూ మోసం చేయలేదని గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు.

నేనుండబట్టలేక అడిగాను. "ఫ్యాక్టరీ ముందు కట్టారా, విశ్రాంతి రోజు ముందు గుర్తొచ్చిందా?"

"దేవుడు రెండూ ఒకేసారి చూపించాడు తమ్ముడూ," అన్నాడు. మొహంలో ఒక్క గీతైనా కదల్లేదు.

అక్క అసలు మా ఇద్దరి మాటా విన్నట్టు లేదు. మందిరం పైకప్పు వైపు, ఫ్యాన్ల వైపు, కొత్త బెంచీల వైపు మళ్ళించాడు ఆయన మాటను. అవన్నీ ఎక్కడినుంచి వచ్చాయనుకున్నావు, ఆ వెనక గేటు నుంచే వచ్చాయి, మీ చేపలే మీకు తెలియకుండా దేవుడి పని చేస్తున్నాయి అన్నాడు. అప్పుడు అక్క నోరు విప్పింది. మరి ఆ మాట మాకెందుకు చెప్పలేదని అడిగింది.

"చెబితే అది వ్యాపారం అయిపోతుంది చెల్లెమ్మా. తెలియకుండా ఇచ్చిందే దానం," అన్నాడు.

ఆ మాటకు నేను నవ్వాను. గదిలో నవ్విన వాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు అసలు బేరం బయటపడింది. వారంలో రెండో విశ్రాంతి రోజు తేవాలని ఆయనకు దైవప్రేరణ కలిగిందట. తానే అడిగితే బాగుండదు, మార్కెట్ ఆడవాళ్ళే కోరాలి. రేపు మందిరంలో అందరి ముందూ లేచి అక్క ఆ కోరిక కోరాలి. మార్కెట్‌కు కొత్త షెడ్డు వేస్తున్నారు, ముందు వరసలో మొదటి చోటు అక్కది. ఒకవేళ అక్కకు నోరు రాకపోతే, షెడ్డులో ఎవరి చోటు ఎక్కడ పడుతుందో, అసలు పడుతుందో లేదో, అది తన చేతుల్లో లేదు. దేవుడి చేతుల్లో ఉంది అన్నాడు. ఇన్నాళ్ళకు దేవుడికి షెడ్డులో చోట్లు పంచే ఉద్యోగం దొరికింది.

అక్కకున్నది ఆ గంప దించే చోటొక్కటే. అమ్మ కూర్చున్న చోటు. అది పోతే ఆమె వీధుల వెంట అరుచుకుంటూ తిరగాలి, ఈ వయసులో, ఆ నడుముతో.

అక్క లేచింది. "మోకాళ్ళు నొప్పి పెడతాయి, లేవండి అన్నగారూ," అంటూ చెయ్యిచ్చి ఆయన్ను లేపింది. లేపి, ప్యాంటుకంటిన తివాచీ నూలు కూడా దులిపింది. తరవాత, ఏదో కూరగాయల ధర అడిగినంత మామూలుగా, హోటళ్ళ లారీలు ఏ వేళకు వస్తాయని అడిగింది. మీరంతా ప్రార్థనలో ఉండగానే వచ్చి పోతాయి, మీ కంట పడవు, ఆ బెంగ పెట్టుకోకు అన్నాడాయన. హోటళ్ళవాళ్ళకు ఏ చేప ఇష్టమని కూడా అడిగింది. చెప్పాడు. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళలా తలలూపుకున్నారు.

బండి ఎక్కేదాకా ఆగలేకపోయాను. మెట్ల మీదే మొదలుపెట్టాను. నీ చేప, నీ ఐసు డబ్బులు, నీ విశ్రాంతి, అన్నీ వాడి జేబులోకి పోతున్నాయని వాడే చెప్పాడు కదా, ఇంకా వాడి ప్యాంటు దులుపుతావా అన్నాను. ముందు వరసలో చోటంటే సరే, రేపు వాడు మూడో రోజు అడిగినా అడుగుతావు అన్నాను. నిన్ను చూసి కాదు, నిన్ను చూసి ఓట్లేసినవాళ్ళను చూసి జాలేస్తోంది అన్నాను. ఇంకా చాలా అన్నాను. అక్క ముందు సీటు పక్కన ఇరుక్కుని కూర్చుని, ఖాళీ ప్లాస్టిక్ సంచిని మడతలు పెడుతూ అంతా విన్నది. తోకను ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చింది.

"గుమ్మాలెక్కింది నేనురా. ఆయన కాదు," అంది చివరికి. "నోరు మూసుకుని బండి నడుపు. రేపు నువ్వు కూడా మందిరానికొస్తున్నావు."

మందిరంలో కాలు పెట్టి ఏళ్ళయింది. వెళ్ళాను. గుమ్మం దగ్గరే పెద్ద బుట్ట ఒకటి, అందులో ఫోన్లు వేసి లోపలికి పోవాలి. దేవుడితో మాట్లాడే చోట ఇంకో ఫోనెందుకని మోకాళ్ళాయన పెట్టించిన పద్ధతి. అందరూ చూసేలా ఆయన తన ఫోనే ముందు వేస్తాడు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అక్క చేపల గాలి చల్లగా తగులుతోంది. మావాళ్ళు తలలొంచుకుని పాడుతున్నారు. కాయలు కాసిన చేతులు, ఐసుకు పగిలిన వేళ్ళు. ఇంత శుభ్రంగా మోసపోయేవాళ్ళు ఇంత శ్రుతిలో పాడగలరంటే నమ్మబుద్ధి కాలేదు.

పాట అయ్యాక మోకాళ్ళాయన మైకు దగ్గరికొచ్చి, మన చెల్లెమ్మ ఒక మాట చెబుతుందని అక్కను పిలిచాడు.

అక్క వెళ్ళి మైకు పట్టుకుంది. నిన్న అన్నగారు తనకొక నిజం చెప్పారంది. ఐసు ఫ్యాక్టరీ ఆయనదేనని, మందిరానికి పైకప్పు, ఫ్యాన్లు, బెంచీలు ఆ డబ్బుతోనే వచ్చాయని చెప్పింది. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు పేలుతుంది అనుకున్నాను.

చప్పట్లు కొట్టారు.

మీరు నమ్మకపోయినా సరే, చప్పట్లు కొట్టారు. ఇంత చేసి ఒక్కరికీ చెప్పుకోలేదు చూశారా అని నా పక్కనున్న పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఐసు ఖర్చు భరించలేక కిందటి నెల ఆ మనిషి పెళ్ళాం చెవివి కుదువ పెట్టింది, నాకు తెలుసు. మోకాళ్ళాయన తల దించుకుని, వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి వెనక ఆయన పెదాలు విచ్చుకోవడం నేను చూశాను. అక్క వైపు చూస్తే నాకు నోట్లో చేదు ఊరింది.

అక్క ఇంకా మైకు వదల్లేదు. మా ఆడవాళ్ళ ప్రార్థన మందిరంలో కాకుండా వారానికో గుమ్మంలో జరుగుతుంది. ఆ వారం ఎవరి గుమ్మమో చెప్పాల్సింది సంఘం పెద్దగా అక్కే. ఆమె చెప్పాక కాదనే ఆచారం లేదు. మనకింత మేలు చేసిన చోటుకు మనం ఒక్కసారైనా వెళ్ళలేదు, ఈ వారం ప్రార్థన ఐసు ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర అంది.

మళ్ళీ చప్పట్లు. మోకాళ్ళాయన మొహం ఒక్క క్షణం మంచుగడ్డలా బిగిసింది. అయినా ఆయన అలవాటైన మనిషి. ఎంత గొప్ప ఆలోచన, వచ్చే వారం గేటు నా చేతులతో నేనే తెరుస్తాను, షామియానా వేయిస్తాను, కుర్చీలు వేయిస్తాను అన్నాడు.

"వచ్చే వారం దాకా ఎందుకు అన్నగారూ," అంది అక్క. "పక్క వీధే కదా. చెప్పులేసుకుంటే చాలు."

మైకు ఆయన చేతిలో పెట్టి, మెట్లు దిగి, నడవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు లేచారు. ఎందుకు లేస్తున్నారో వాళ్ళకు తెలియదు. సంఘం పెద్ద లేచింది, లేచారు. పాట అందుకుని ఆమె వెంట గుమ్మం దాటారు. మోకాళ్ళాయన వేదిక దిగి వచ్చే లోపల మగవాళ్ళు చుట్టుముట్టారు. ఒకడు చెయ్యి పట్టుకుని ఊపుతాడు, ఒకడు కాళ్ళకు మొక్కుతాడు. వాళ్ళను తోసుకుని ఆయన గుమ్మం దాకా వచ్చి బుట్ట ముందు కూలబడి, ఫోన్లను కెలకడం మొదలుపెట్టాడు. అన్నీ నల్లవే. నాకు తెలిసి ఆయన ఫోటో లేకుండా మోకాళ్ళ మీద కూర్చోవడం అదే మొదటిసారి.

నేను పరిగెత్తి ఆడవాళ్ళను దాటుకుని సందులోకి తిరిగాను. వెనక గేటు బార్లా తీసి ఉంది. లారీ తోక ఇటు పెట్టి, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. పెట్టెలు సగం పైన ఎక్కాయి, సగం కింద ఉన్నాయి. ఫ్యాక్టరీ మేనేజరు తూకం రాయించుకుంటున్నాడు. పాట వినబడగానే తల ఎత్తాడు. ప్రార్థన జరిగే వేళ ప్రార్థన పాట సందులోకి నడిచి రావడం వాడి బుర్రకు అందలేదు. అందాక, డ్రైవరూ వాడూ ఒకేసారి గేటు లోపలికి దూరి, లోపలినుంచి గడియ వేసుకున్నారు. లారీ బయటే ఉండిపోయింది.

అక్క వచ్చి చీర కుచ్చిళ్ళు దోపుకుని లారీ ఎక్కింది. పెట్టె మూత లేపింది. ఐసు తోసి ఒక చేప బయటికి తీసి తోక పైకెత్తి చూపించింది. పాట ఆగిపోయింది. ఒకరొకరే ముందుకొచ్చారు. కింద ఉన్న పెట్టెలు తెరిచారు. ఎవరి చేప వాళ్ళకు దొరుకుతోంది. వీపు రెక్క కోసింది, పొట్ట రెక్క కోసింది, మొప్ప మీద గాటు పెట్టింది. చేతుల్లో తమ చేపలతో, ముందురోజు తాము దాచుకున్న చేపలతో, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందరిలోకీ పెద్దది మా మేనత్త. ఐసు పనితో వేళ్ళు కొంకర్లు పోయిన మనిషి. ఆమెకూ తన చేప దొరికింది. రెక్క మీద తన కోతను బొటనవేలితో తడిమి చూసుకుంది. నేను ఆమె నోటి నుంచి వచ్చే తిట్టు కోసం ఎదురుచూశాను. అత్త తిడితే మార్కెట్ మొత్తం తిరగబడుతుంది.

అత్త ఆ చేపను మళ్ళీ పెట్టెలో పెట్టింది. చుట్టూ ఐసు సర్దింది. మూత వేసింది.

"మన పైకప్పేగా," అంది. "ప్రార్థన మొదలుపెట్టవే, ఎండెక్కుతోంది."

ఆమె పక్కనున్నావిడ చేతిలో చేప వైపు చూసుకుంది. తనూ వంగింది. ఇంకో మూత పడింది. తరవాత ఇంకొకటి. మూతలు పడుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది సందులో. సందు చివర మోకాళ్ళాయన కనిపించాడు, ఫోను చెవికి పెట్టుకుని, రొప్పుతూ వస్తున్నాడు.

అక్క లారీ మీద నిలబడి కిందికి చూస్తోంది, తాను గుమ్మాలెక్కి ఓట్లడిగిన మొహాలన్నిటి వైపూ. ఏడుస్తుందేమో అనుకున్నాను. చేతిలో చేపను పెట్టెలో పడేసి, లారీ వెనక తలుపు తనే లాగి కొక్కెం వేసింది. దూకి దిగి, ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి నా దగ్గరికొచ్చింది.

"నీకు లారీ నడపడం వచ్చు కదరా?" అంది.